ఇంగ్లీషు ఇంటి సిస్టరమ్మ

సిస్టరమ్మ చనిపోయిన సంగతి నాకు ఒక వాస్తు సిద్ధాంతి చెప్పాడు. నాగర్‌కర్నూల్‌లో మేము కొనుక్కున్న జాగాలో సున్నంతో గీతలు గీస్తూ, మెట్లు ఈ పక్కకు రాకూడదని వివరిస్తూ, మధ్యలో ఆగి నా ముఖంలోకి చూశాడు. గద్వాలలో ఇంగ్లీషు ఇంట్లో కిరాయికి ఉన్న టీచరమ్మవు నువ్వే కదా అని అడిగాడు. అవునన్నాను. అప్పుడు నేనూ ఆయన్ని గుర్తుపట్టాను. గడ్డం తెల్లబడింది. చేతిలో దిక్సూచి మాత్రం పాతదే.

"ఆమె పోయింది గదా, ఎండకాలంల," అన్నాడు. "ఎనభై దాటినంక పోయింది. ఆ ఇంట్ల అన్నేండ్లు ఎట్ల బతికిందో నాకు ఇప్పటికీ తెల్వదు."

ఆయన బాధపడుతున్నాడో, ఫిర్యాదు చేస్తున్నాడో తేల్చుకోలేకపోయాను. అక్కడే ఇటుకల మీద కూర్చున్నాను. ఆయన మర్యాదకు కాసేపు ఆగి, తర్వాత ఆగ్నేయం వైపు వెళ్లాడు.

ఊళ్లో అందరికీ ఆమె సిస్టరమ్మే. ప్రభుత్వ దవాఖానలో నర్సుగా చేరి, హెడ్ నర్సుగా రిటైరైంది. సొంతూరు అమరచింత. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకు, "టైం కుదరలే, డ్యూటీ ఉండె," అని చెప్పేది. రెండోసారి అడిగినవాళ్లకు బీపీ చూసేది.

మాకు ఆమె పరిచయం కావడానికి కారణం ఆ ఇల్లే. నాకు గద్వాలలో బడి వచ్చింది, మా ఆయన కరెంటాఫీసు నుంచి అక్కడికే బదిలీ చేయించుకున్నాడు. అప్పట్లో గద్వాలలో కిరాయికి మంచి ఇల్లు దొరకడం కష్టం. ఒక్క ఇల్లు మాత్రం ఎప్పుడూ ఖాళీగా ఉండేది. ఎవరిని అడిగినా ముందు దాని పేరు చెప్పి, వెంటనే వద్దనేవాళ్లు. వద్దని చెప్పడానికే ఆ పేరు ఎత్తినట్టుండేది. వారం తిరిగి తిరిగి అలిసిపోయి, చూస్తే పోయేదేముందని వెళ్లాం.

ఆమె గుమ్మం ముందు మెట్ల మీద నిలబడి ఉంది. తెల్లచీర, ఎడమచేతికి మగవాళ్ల గడియారం, కాళ్లకు కాన్వాస్ బూట్లు.

"దక్షిణం వాకిలి," అంది పలకరింపుకు బదులుగా. "ముందుగాలనే చెప్తున్న. తర్వాత చెప్పలేదనొద్దు."

ఆ ఇల్లు ఇరుకు వీధిలో నిటారుగా నిలబడి ఉండేది. వెడల్పు తక్కువ, ఎత్తు ఎక్కువ. సంస్థానం నాటి ఇంజినీరు ఒకాయన ఇంగ్లండులో చదువుకునేటప్పుడు తాను ఉన్న వీధిని మరిచిపోలేక కట్టించాడట. ఆ వీధిలో ఇళ్లన్నీ ఒకదాని భుజం ఒకదానికి ఆనించి వరసగా ఉంటాయట. ఇక్కడా అలాంటి వరసే కడదామని మొదలుపెట్టాడు. మొదటి ఇల్లు పూర్తయ్యేసరికి సంస్థానాలు పోయాయి. రెండు పక్కలా ఇళ్లు వచ్చి ఆనుకుంటాయన్న నమ్మకంతో పక్క గోడలకు ఒక్క కిటికీ కూడా పెట్టలేదు. ఇళ్లు రాలేదు. అటూ ఇటూ రెండు సందులు మిగిలాయి. దక్షిణం వాకిలని ఎవరూ కొనని ఆ ఇంటిని చివరికి సిస్టరమ్మ కొనుక్కుంది. సిస్టరమ్మ ఆ బోడిగోడలను చూపించి, "తోడు వస్తదని చూసింది. రాలే. అయినా నిలబడ్డది," అనేది. ఆ మాటకు ఇంకో అర్థం వెతికే వ్యవధి ఇవ్వకుండా, గోడలకు మేకులు కొట్టకూడదన్న విషయానికి వచ్చేది.

వీధికీ ఇంటికీ మధ్య ఒక గుంత ఉండేది, చుట్టూ ఇనుప కటకటాలు. గుంతలోకి దిగితే భూమిలోపల వంటిల్లు. పైకి ఎక్కితే పెద్ద తలుపు, తలుపు మీద విసనకర్ర విప్పినట్టు అర్ధచంద్రాకారంలో అద్దాలు. తలుపు తీయగానే ఎదురుగా మెట్లు. ఇంటి నట్టనడుమ. ఆ మెట్ల మలుపులో మరుగుదొడ్డి. కింద అంతస్తు కప్పు ఎత్తుగా ఉండేది, దాని మీదిది కొంచెం తక్కువ, అన్నిటికన్నా పైది మరీ తక్కువ. ఇంగ్లండులో పెద్దవాళ్లు కిందా, పిల్లలూ పనివాళ్లూ పైనా ఉండేవాళ్లట. అంటే పైకి పోయేకొద్దీ ఇల్లు పేదదవుతుంది. మాకు కిరాయికిచ్చింది పై అంతస్తు. మా ఆయన పొడగరి. మొదటి నెలలోనే వంగి నడవడం నేర్చుకున్నాడు. ఆఫీసులో పైఅధికారులకు అది వినయంలా కనిపించి, ఆయనకు మంచి పేరొచ్చింది.

కప్పు బాగా ఏటవాలుగా ఉండేది, మంచు పడితే జారిపోవడానికి. గద్వాలలో మంచు పడలేదు. కోతులు జారేవి.

ఆ ఇంట్లోని ప్రతి వస్తువు గురించీ సిస్టరమ్మకు ఒక మాట ఉండేది. కిటికీలు మన కిటికీల్లా పక్కలకు తెరుచుకునేవి కావు. అద్దాల చట్రాన్ని పైకి లేపాలి. లేపినప్పుడు గోడలోపల తాడుకు కట్టిన ఇనుప దిమ్మెలు గుడుగుడుమంటూ కిందికి దిగేవి. ఆమె ఆ చప్పుడును తలవంచి వినేది, ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టినట్టు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇల్లంతా తిరిగి ప్రతి కిటికీనీ లేపి దించి చూసేది. దాన్ని ఆమె రౌండ్స్ అనేది. మేము పడుకుని ఉన్నా సరే, తలుపు తట్టి లోపలికి వచ్చి, కిటికీని పరామర్శించి, మమ్మల్ని పలకరించకుండా వెళ్లిపోయేది.

ఆమె గదిలో గోడకు ఒక పొయ్యి ఉండేది, చలిమంట వేసుకోవడానికి. దాని పొగగొట్టం కప్పు దాకా పోయేది. పాలమూరు ఎండల్లో దానితో ఏం చేస్తారని అడిగాను. అందులో మంచినీళ్ల ఎర్రమట్టి రంజన్ పెట్టి ఉంది. పొగగొట్టంలో గాలి ఎప్పుడూ లాగుతూ ఉంటుంది కాబట్టి నీళ్లు చల్లగా ఉంటాయని చెప్పింది. తాగి చూశాను. పళ్లు జివ్వుమన్నాయి. ఇంగ్లీషువాళ్లు నిప్పు కోసం కట్టుకున్న చోట ఆమె నీళ్లు పెట్టింది. అందులో ఆమెకు వింతేమీ కనిపించలేదు.

ఆమె ఎక్కువ శ్రద్ధ పెట్టింది మాత్రం ఒక లేని కిటికీ మీద. వీధివైపు గోడకు మధ్య అంతస్తులో రెండు కిటికీలుండాలి. ఎడమపక్క కిటికీ రావాల్సిన చోట లోపల మెట్ల గోడ అడ్డొచ్చి కుదరలేదు. ఆ ఇంజినీరు వదిలిపెట్టకుండా అక్కడ గోడను కిటికీ ఆకారంలో లోపలికి నొక్కి, నల్లరంగు వేసి, తెల్లరంగుతో చట్రం గీయించాడు. దూరం నుంచి చూస్తే అచ్చంగా కిటికీయే. సిస్టరమ్మ ప్రతి ఏడూ ఎండలు తగ్గాక నిచ్చెన వేసుకుని, ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా, దానికి రంగు వేసేది. ఒక ఏడు కాలు నొప్పి వల్ల పెయింటర్‌ను పెట్టింది. అతను మనసు పెట్టి పని చేసి, కిటికీలో ఒక చిలకను కూడా వేశాడు. ఆమె అతనికి టీ ఇచ్చి, కూలి ఇచ్చి, చిలకను చెరిపించింది.

ఇంతకీ ఆ కిటికీ దేనికని వీధిలో అందరూ ఎప్పుడో ఒకప్పుడు అడిగినవాళ్లే. "ఈ దిక్కు ఒకటి ఉన్నది, ఆ దిక్కు ఒకటి కావాలె. జోడు కోసం," అనేది. "శానా మంది పెండ్లిళ్లు గూడ గిట్లనే చేసుకుంటరు."

సిద్ధాంతిని ఆ ఇంటికి తీసుకొచ్చింది ఆమె తమ్ముడు. అమరచింతలో వ్యవసాయం. మంచివాడు, భయస్థుడు. అక్క ఒంటరిగా అలాంటి ఇంట్లో ఉందన్న దిగులు ఆయన్ని వదిలేది కాదు. బోరు ఎండిపోయినా, ఎద్దుకు జబ్బు చేసినా, ఆ గుంత వల్లనేనేమో అనుకునేవాడు. సిద్ధాంతి వచ్చిన రోజు ఆదివారం, నేనూ ఇంట్లోనే ఉన్నాను. ఆయన గుంత దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. దక్షిణాన పల్లం ఉండకూడదని మొదలుపెట్టి, లోపలికి వచ్చి మెట్లు చూశాడు. ఇంటి నడిమధ్య బరువుండకూడదన్నాడు. మలుపులో మరుగుదొడ్డి చూసి దిక్సూచి జేబులో పెట్టేసుకున్నాడు. ఈశాన్యం మూల ఆమె గదిలో పొయ్యి కనబడేసరికి మెట్ల మీద కూర్చుని మంచినీళ్లడిగాడు. సిస్టరమ్మ ఆ పొయ్యిలోని రంజన్ నుంచే తెచ్చిచ్చింది. తాగి, నీళ్లు బాగున్నాయన్నాడు.

తర్వాత ఆయన ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. గుంత పూడ్చాలి, మెట్లు పడగొట్టాలి, తలుపు వెనక్కి మార్చాలి. అన్నీ చేస్తే మిగిలేది రెండు బోడిగోడలే. తమ్ముడు అన్నింటికీ తలూపుతున్నాడు. చివరికి సిద్ధాంతి, ఇవేవీ కాకపోతే కనీసం ఆ దొంగకిటికీనైనా తీసేయమని బతిమిలాడాడు.

సిస్టరమ్మ అంతా ఓపిగ్గా విన్నది. "అయ్యగారూ, నేను ముప్పై ఏండ్లు దవాఖానల చేసిన," అంది. "అన్ని దిక్కుల ఇండ్లకెల్లి వస్తరు. కిందపడ్డోళ్లు, పాము కరిసినోళ్లు, కానుపులోళ్లు. ఒక దిక్కోళ్లు తక్కువ వచ్చింది నేనైతే చూడలే."

ఆయనకు దక్షిణ ఇచ్చి పంపింది. తమ్ముడికి అన్నం పెట్టింది. ఆయన తింటూ, మన భయం మనకుండాలి కదా అక్కా అన్నాడు. ఉంచుకొమ్మంది.

మేము గద్వాల వచ్చిన రెండో ఏడు నాకు నెల తప్పింది. ఐదో నెలలో పోయింది. ఆ మధ్యాహ్నం మా ఆయన ఫీల్డు మీద ఉన్నాడు. సిస్టరమ్మే నన్ను మెట్ల మీద నుంచి దించి, ఆటోలో దవాఖానకు తీసుకుపోయింది. అక్కడి కొత్త నర్సులు ఆమెను చూసి లేచి నిలబడ్డారు. ఆమె నా చేయి వదలకుండానే వాళ్లకు పనులు చెప్పింది. ఇంటికి తెచ్చాక నేను పైగదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉండేదాన్ని. ఎవరెవరో వచ్చి, మళ్లీ అవుతుందిలే అని చెప్పి పోయేవాళ్లు. సిస్టరమ్మ ఆ మాట అనలేదు. రౌండ్స్‌కు వచ్చినప్పుడు కిటికీ లేపి, "ఏడిస్తే ఏడువు బిడ్డా, కిటికీ మాత్రం మూయకు," అని పోయేది. సాయంత్రం గాలి వచ్చేది. నేను ఏడ్చేదాన్ని.

వారం తిరక్కుండా అచ్చంపేట నుంచి మా అత్తమ్మ వచ్చింది. ఆమె ఆ ఇంటిని చూడటం అదే మొదటిసారి. ఎదురుగా మెట్లు చూసి అక్కడే ఆగింది. మాకు చెప్పకుండా ఇలాంటి కొంపలో ఎలా దిగారని మా ఆయన్ని అడిగింది. ఆయన అలవాటు కొద్దీ వంగి నిలబడ్డాడు. సిస్టరమ్మ తన గదిలో తువ్వాళ్లు మడతపెడుతూ ఉంది. ఆమెకు వినిపించాలనే అత్తమ్మ గొంతు పెంచింది.

"ఈ ఇల్లే మా కోడలు కడుపును మింగింది."

నేను మెట్ల మీద కూర్చుని ఉన్నాను. సిస్టరమ్మ బయటికి వచ్చింది, చేతిలో తువ్వాలతోనే.

"కూసో అక్కా. శానా దూరంకెల్లి వచ్చినవ్. ఒక్కటి అడుగుత. ఇదే మొదటిదా?"

అత్తమ్మ నా వైపు చూసింది. ముందుదాని సంగతి నేను సిస్టరమ్మకు చెప్పలేదని నా ముఖం చూసి ఆమెకు తెలిసింది. అబద్ధం ఆడటం ఆమెకు చేతకాదు, అది ఆమెలోని మంచి.

"ముందొకటి పోయింది. పెండ్లయిన కొత్తల," అంది.

"ఏ ఇంట్ల?"

"మా ఇంట్లనే. అచ్చంపేటల."

"మీ వాకిలి ఏ దిక్కు?"

అత్తమ్మ చెంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత, "తూర్పు," అంది.

ఇప్పుడు సిస్టరమ్మ ఏదో అంటుందని నేను ఎదురుచూశాను. ఆ మాట కోసమే ఈ ప్రశ్నలన్నీ అడిగిందనుకున్నాను. ఆమె చేతిలోని తువ్వాలను నాలుగు మడతలు వేసి పక్కన పెట్టింది.

"అయితే ఇంటి సంగతి తర్వాత చూద్దాం," అంది. "ముందుగాల పిల్లను కర్నూలుకు తీస్కపోదాం. నేను గూడ వస్త."

అత్తమ్మ పూర్తిగా దిగి రాలేదు. పరీక్షలు చేయించండి, కానీ ఇల్లు మారాల్సిందేనంది. సిస్టరమ్మ వెంటనే ఒప్పుకుంది. "మారుండ్రి. కిరాయి కోసం ఆపుతలేను. ఇల్లు చెడ్డదని అందరు ఒప్పుకుంటే ఇంక ఈమెను దవాఖానకు ఎవ్వరు తీస్కపోతరు? అందుకే చెప్తున్న. చూపిచ్చుకొనే మారుండ్రి."

కర్నూలు డాక్టరమ్మ రక్తపరీక్షలు చేయించి, థైరాయిడ్ అని చెప్పి మందు రాసింది. చిన్న తెల్ల గోళీ. రోజూ తెల్లారి లేవగానే వేసుకోవాలి. అంతే. ఇద్దరు పిల్లల దుఃఖానికి కారణం ఇంత చిన్నగా ఉంటుందని నాకు తెలియదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో సిస్టరమ్మ నా పక్కన కూర్చుంది. బస్సు కిటికీ అద్దం దారి పొడుగునా గడగడలాడుతుంటే, ఎవరు చేశారో దీన్ని అని కాసేపు విసుక్కుంది. తర్వాత అటే చూస్తూ అంది:

"రేపు పిల్లలైతే మీ అత్తమ్మ ఇల్లు మారినందుకే అయిండ్రంటది. అననియ్యి. గోళీ మాత్రం మర్వకు."

తూర్పు వాకిలి ఇల్లు ఆమే వెతికిపెట్టింది. సామాను దించేటప్పుడు ప్రతి మలుపులో నిలబడి, గోడలకు తగలకుండా చూసింది. మంచం కోడు ఒకటి మెట్ల కమ్మీకి తగిలితే మా ఆయన మీద కోప్పడింది. మేము ఇల్లు ఖాళీ చేస్తున్నందుకు కోపం రాలేదు.

మరుసటి ఏడాది మాకు బిడ్డ పుట్టింది. తూర్పు వాకిలి మహిమ గురించి అత్తమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పింది. సిస్టరమ్మ చూడటానికి వచ్చినప్పుడు ఆమెకూ చెప్పింది. సిస్టరమ్మ పిల్లను ఎత్తుకుని, ఒళ్లంతా తడిమి చూసి, గోళ్లు చూసి, ఇంటి నాలుగు మూలలూ చూసింది. "మంచి ఇల్లు అక్కా," అంది. "గాలి లేదు గని, మంచి ఇల్లు."

మేము వచ్చేశాక ఆ ఇంట్లోకి ఎవరూ దిగలేదు. మాకు జరిగింది ఊరంతా తెలిసిపోయింది. కారణం తెలిసినవాళ్లు తక్కువ, సంగతి తెలిసినవాళ్లు ఎక్కువ. ఆ వానాకాలంలో ఏటి ఒడ్డు ఊరి నుంచి ఒక గర్భిణిని మంచం మీద మోసుకొచ్చారు. వాగు పొంగి రోడ్డు లేదు. ఆమె దవాఖాన గేటు దాకా వచ్చేసరికే ఆలస్యమైంది. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. పాత సిబ్బంది ఎవరో ఆ సంగతి సిస్టరమ్మకు చెప్పారు. ఆమె వెళ్లి డాక్టరును కలిసి, దూరం ఊళ్లవాళ్లను నెలలు నిండగానే తన ఇంటికి పంపమంది, వాగులు పొంగకముందే. కింద అంతస్తులో మంచాలు వేయించింది. వంటకు గుంతలోని వంటిల్లు. కిరాయి లేదు.

వాళ్లు వచ్చారు. ఏటి ఒడ్డు నుంచి, తండాల నుంచి, రాయచూరు సరిహద్దు ఊళ్ల నుంచి. నొప్పులకు దగ్గరపడ్డవాళ్లకు దిక్కులు అడిగే తీరిక ఉండదు. కన్నడం మాట్లాడేవాళ్లు వస్తే సిస్టరమ్మ "ఊట ఆయ్తా?" అని అడిగేది. అన్నం తిన్నారా అని. ఆమెకు వచ్చిన కన్నడం అంతే. వాళ్లకు అది సరిపోయేది.

అన్నీ సవ్యంగా జరిగాయని చెప్పను. ఒక ఏడు ఆ ఇంట్లో ఉండి వెళ్లిన అమ్మాయి కాన్పులోనే చనిపోయింది. రక్తం సమయానికి అందలేదు. పాత మాటలన్నీ మళ్లీ లేచాయి. గర్భిణులను తీసుకొచ్చి ఆ గుంతలో పెడుతుందన్నారు. మిగిలినవాళ్లు మూటలు సర్దుకుని వెళ్లిపోయారు. ఆ సీజనంతా ఎవరూ రాలేదు. నేను ఒక సాయంత్రం చూడటానికి వెళ్తే ఆమె ఖాళీ మంచాల మీద దుప్పట్లు మారుస్తోంది. ఎవరూ లేరు కదా సిస్టరమ్మా అన్నాను. దుమ్ము పడుతుంది కదా అంది. ఆ రోజు ఆమె నాకు ఇంటి గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు. చనిపోయిన పిల్ల గురించి చెప్పింది. ఆ పిల్లకు పచ్చిచింతకాయ అంటే ఇష్టమట. వద్దన్నా తినేదట. ఇంకొన్ని తిననివ్వాల్సిందని అంది.

తర్వాతి ఏడు మళ్లీ ఒకామె వచ్చింది. ఆమె వెనక ఇంకొకామె.

మేము నాగర్‌కర్నూల్ బదిలీ అయ్యాక మా ఆడబిడ్డకు నెలలు నిండాయి. ఆమె అత్తగారి ఊరు కూడా గద్వాల దగ్గర వాగు అవతలే. గద్వాలలో పెట్టక తప్పదు. అత్తమ్మ తోడు వెళ్లింది. ఊళ్లో ఇంట్లో పెట్టుకునేంత దగ్గరివాళ్లెవరూ లేరు. లాడ్జిలో గర్భిణిని పెట్టడానికి మా ఆయన ఒప్పుకోలేదు. చివరికి నేనే సిస్టరమ్మకు ఫోన్ చేశాను. రమ్మను అంది.

తర్వాత జరిగింది నాకు మా ఆడబిడ్డ చెప్పింది. అత్తమ్మ కటకటాల దగ్గర మూటతో నిలబడిపోయి, ఎటు నుంచి రావాలని అడిగిందట. మీకు ఏ దిక్కు నచ్చితే ఆ దిక్కు నుంచి రండని సిస్టరమ్మ చెప్పిందట. వెనక ఉత్తరం వైపు ఒక చిన్న తలుపుంది, పూర్వం పాకీవాళ్ల కోసం పెట్టింది. అత్తమ్మ ఆ తలుపు ఎంచుకుంది. పక్క సందులో నుంచి, బురద తొక్కుకుంటూ, చీర మోకాళ్ల దాకా ఎత్తి పట్టుకుని, కూతుర్ని కూడా అటే నడిపించింది. పాలకు పోయినా అటే, కొట్టుకు పోయినా అటే. సిస్టరమ్మ వద్దనలేదు. రెండో రోజుకు ఆ సందులో నాపరాళ్లు పరిపించింది, కాలు జారకుండా.

నొప్పులు మొదలైంది ఒక మధ్యాహ్నం, పెద్ద వానలో. సందు నిండా నీళ్లు. సిస్టరమ్మ ముందు తలుపు తీసి, ఆటోను మెట్ల దాకా రప్పించింది. ఒక పక్క ఆమె, ఒక పక్క అత్తమ్మ పట్టుకుని ఆడబిడ్డను దించారు. ఆటో కొంత దూరం పోయాక అత్తమ్మ ఒక్కసారి వెనక్కి తిరిగి చూసిందట. ఏమైందమ్మా అని కూతురు అడిగితే, తలుపు వేశారో లేదో అందట.

కొడుకు పుట్టాడు. మూడు కిలోలకు పైనే. మూడో రోజు పిల్లవాడితో ఆ ఇంటికే తిరిగి వచ్చారు, ముందు తలుపు నుంచే. ఈ సంగతి గురించి మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు. అత్తమ్మ మాత్రం ఆ తర్వాత అచ్చంపేట నుంచి గద్వాల వైపు ఎవరు పోతున్నా, అడవి తేనె ఒక సీసా ఇచ్చి పంపేది. ఎవరికని అడిగితే, ఆ దక్షిణం వాకిలామెకు అనేది.

సిద్ధాంతి చెప్పిన తర్వాతి ఆదివారం వనపర్తిలో బస్సు మారి గద్వాల వెళ్లాను. ఇల్లు ఉంటుందని నేననుకోలేదు. ఉంది. కటకటాల మీద చిన్నపిల్లల గుడ్డలు ఆరేసి ఉన్నాయి. సిస్టరమ్మ ఉంటే ఊరుకునేది కాదు. మెట్ల మీద ఆమె తమ్ముడు కూర్చుని కందిపప్పులో రాళ్లు ఏరుతున్నాడు.

ఆమె పోయిన రోజు గురించి ఆయన చెప్పాడు. తెల్లవారి ఆయాసం వచ్చింది. తానే మెట్లు దిగి ఆటో ఎక్కింది. దవాఖానలో సెలైన్ సీసా మరీ కిందికి కట్టారని నర్సుతో చెప్పి పైకి కట్టించుకుంది. మధ్యాహ్నానికి పోయింది. ఇల్లు ఆయనకే రాసింది, ఏ షరతూ పెట్టలేదు. ఆయన ఆ ఇంటిని ఒకరోజు కూడా ఇష్టపడలేదు. పడగొట్టి దుకాణాలు కట్టుకుంటానని కొత్తకోట వ్యాపారి ఒకాయన వస్తే మాట ఇచ్చేశాడు. దినాలు కాగానే సామాను బయట పెట్టి, తాళం వేస్తుండగా ఏటి ఒడ్డు నుంచి ఒక ట్రాక్టర్ వచ్చింది.

"సిస్టరమ్మ లేదు, పోయింది అని చెప్పిన," అన్నాడాయన, పప్పు చాట వంకే చూస్తూ. "ఆ పిల్ల తల్లి అయ్యో అన్నది. అని మూట దించింది. ఆ పిల్ల నిలబడలేకపోతుండె టీచరమ్మా. ఏం జేస్త? తాళం తీసిన. ఈమె కానుపు కాంగనే మూద్దామనుకున్న. ఈమె పోకముందే ఇంకోతి వచ్చె. ఆమె పోకముందే ఇద్దరొచ్చిరి. కొనేటోడు ఫోన్ చేస్తుండు. వచ్చే వారం రమ్మంటున్న. ప్రతి వారం గదే చెప్తున్న. అమరచింతల నా చేను బీడు పడ్డది."

ఎలా నడుపుతున్నావు కాకా అని అడిగాను.

"నాకేం తెల్వదు. మెట్లు చూస్తేనే నాకు భయం," అన్నాడు. "నువ్వన్న చెప్పు ఆ దవాఖానోళ్లకు. ఎవరినన్న ఒక నెల జర ఆగి కనుమని."

అంతలో లోపలి నుంచి ఒక ముసలామె వచ్చి, తమ పిల్లకు నొప్పులు మొదలైనట్టున్నాయని చెప్పింది. ఆయన నా వైపు చూశాడు, చూశావా నా అవస్థ అన్నట్టు. చాట నా ఒళ్లో పెట్టి, చెప్పులు వేసుకుని, ఆటో కోసం వీధిలోకి పరుగెత్తాడు.